కరెంటు పోతే నీళ్లెటు పోతాయిరా?

శనివారం రాత్రి పదకొండున్నరకి బెల్ మోగింది. తలుపు తీస్తే కింది ఫ్లాట్ ఆంటీ. చేతిలో తడిసిన గద్వాల చీర. ‘‘బాబూ, మీ బాల్కనీలోంచి మా దండెం మీదికి నీళ్లు పడుతున్నాయి. నాలిక మీద పడితే ఉప్పగా ఉన్నాయేంటి?’’ అన్నారు.

వెనక్కి తిరిగి చూశా. నా ఆక్వేరియం స్టాండ్ కింద నుంచి బాల్కనీ దాకా హాలంతా సముద్రం!

రెండు క్లౌన్‌ఫిష్‌ల కోసం మొదలైన పిచ్చి ఇది. ఉప్పునీటి ట్యాంకు కింద సంప్ అని ఇంకో తొట్టి ఉంటుంది. పై నీళ్లు పొంగి అందులోకి దిగుతాయి, అక్కడ శుభ్రమయ్యాక మోటారు మళ్లీ పైకి తోస్తుంది. రెడీమేడ్‌ది 18,000 అన్నారు. ‘ఐదు పలకలు అతికించడానికి ఇంజినీరింగ్ చదివినోడికి ఇంత ఖర్చా’ అనిపించింది. సైన్‌బోర్డులు చేసే షాపులో 8 మి.మీ. అక్రిలిక్ కోయించుకున్నా. అతికించడానికి షాపతను చిన్న సీసాలో క్లోరోఫామ్ పోసిచ్చాడు. అవును, సినిమాల్లో కిడ్నాప్‌కి రుమాలు మీద పోస్తారే, అదే. అందుకే మాస్క్ పెట్టుకుని బాల్కనీలోనే పని.

ఇది గమ్ కాదు. రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేసేస్తుంది. పలకల మధ్య గుండుసూదులు పెట్టి, సిరంజితో సందులోకి వదిలి, కొన్ని సెకన్లాగి సూదులు లాగేయాలి. కోసిన అంచు నున్నగా లేకపోతే లోపల బుడగలు మిగిలిపోతాయి. నా మొదటి సంప్ నిండా బుడగలే. రెండు గంటలకే కారింది. రెండోదానికి ఆదివారమంతా అంచులు గీకుతూ కూర్చున్నా. మంచినీళ్లు నింపి ఒక రోజంతా ఉంచితే చుక్క కారలేదు. ఆ ఫొటో నాన్నకి పంపా.

మా నాన్న భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసేవారు. రాత్రిళ్లు జనరేటర్ పక్కనే నులకమంచం. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయని భయం. అలా కాపాడుకున్న పంట ఒక ఏడాది తెల్లమచ్చ వ్యాధికి మొత్తం పోయింది. అప్పులు తీర్చాక మళ్లీ చెరువు వైపు వెళ్లలేదు. ‘‘మనకి నీళ్లు అచ్చిరాలేదురా’’ అంటారు. నేను చేపలు పెంచుతున్నానంటే మాట మార్చేసేవారు. సంప్ ఫొటో చూసి మాత్రం ఒక్కటే అడిగారు: ‘‘కరెంటు పోతే నీళ్లెటు పోతాయిరా?’’

‘‘ఇన్వర్టర్ ఉంది నాన్నా’’ అనేశా.

ఉంది. కానీ ఫ్యానుకి, లైట్లకి, వైఫైకి. మోటారు పెట్టిన ప్లగ్‌కి కాదు! శనివారం కరెంటు పోయిందన్న సంగతే నాకు తెలీదు. ఫ్యాను కింద పడుకుని సినిమా చూస్తున్నా. మోటారు ఆగగానే పైపు రివర్స్‌లో పైనీళ్లని కిందికి లాగేసింది. పైపు మూతి నీటి మట్టానికి 3 అంగుళాల కింద ఉంది. నా ట్యాంకు 36 బై 18, అంటే అంగుళానికి పదిన్నర లీటర్లు. మొత్తం 32 లీటర్లు దిగాయి. సంప్‌లో ఖాళీ 24 లీటర్లకే. ఈ లెక్క వేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, హాలు తుడుస్తూ.

అర్ధరాత్రి వీడియో కాల్ చేస్తే మొదటి రింగుకే ఎత్తారు. తిట్టలేదు. ‘‘గొట్టం చూపించు... ఇంకా పైకి... అక్కడ, నీటి మట్టానికి కాస్త కింద చిన్న బెజ్జం పెట్టు. మట్టం దిగ్గానే గాలి పీల్చుద్ది, లాగుడు ఆగిపోద్ది’’ అన్నారు. కాలేజీలో సైఫన్ మీద ఐదు మార్కుల ప్రశ్న రాసినోణ్ని నేను!

మర్నాడు డ్రిల్‌తో బెజ్జం పెట్టి, మట్టం సరిచేసి, ఫోన్ స్టాండ్‌కి ఆనించి స్విచ్ ఆపా. సంప్‌లో నీళ్లు రెండంగుళాల పైచిలుకు లేచి ఆగాయి. నాన్న ‘‘ఇంకోసారి ఆపు’’ అన్నారు. ఆపా. ‘‘మళ్లీ.’’ నాలుగోసారికి అమ్మ వచ్చి భోజనానికి లేపుకెళ్లింది.

ఆంటీ చీర రెండు ఉతుకులకి మామూలైంది. వాళ్ల మనవడు రోజూ వచ్చి చేపలకి మేత వేస్తున్నాడు. ఆ బెజ్జంలో పాచి పడితే కథ మళ్లీ మొదటికి. అందుకే ఆదివారం ఉదయం నాన్న ఫోన్ చేసి, టిఫిన్ చేశావా అనడానికి ముందే అడుగుతారు, ‘‘బెజ్జం పొడిచావా?’’ అని.