బెల్లం ముక్క

మా వీధిలోకి కొత్తగా వచ్చిన పిల్ల ఇంట్లో ‘రాకాసి లోయ’ ఉందని తెలిసేనాటికి నాకు పదేళ్లు. చందమామ పత్రికలోంచి ఆ సీరియల్ పేజీలన్నీ విప్పి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసిన బైండు. కానీ వాళ్లింటికి వెళ్లకూడదు. “పోమాకు, ఆ ముసల్దానికి మంత్రాలొచ్చంట” అంది అమ్మ.

ఆ ముసలమ్మ ఆ పిల్లకు నాయనమ్మ. కామెర్లకు పసరు ఇచ్చేది. ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట్లో పట్టుకుని మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసి, ఘాటు రాకపోతే “గట్టి దిష్టే” అనేది. పిల్లలకు జ్వరమొస్తే గురజాలలో మా వీధంతా ఆమె దగ్గరికే. జ్వరం తగ్గాక ఆమె పేరు మంత్రగత్తె.

అయినా వెళ్లాను. బొమ్మలు చూస్తూ ఆ పిల్ల పక్కన కూర్చుంటే నేను పైకి చదివేదాన్ని. ఒక చెవి కథలో, ఒక చెవి వంటింట్లో పెట్టి చదివాను. చిత్రా వేసిన మాంత్రికుల బొమ్మలు చూసి, ముసలమ్మ నీడ గుమ్మంలో పడితే వణికిపోయాను.

ఆ సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం అప్పటి మా గుంటూరు జిల్లా మనిషే. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి పన్నెండు సీరియళ్లు రాశారు. సీరియల్ మీద పేరుండేది కాదు కాబట్టి అవి ఎవరు రాశారో మాకు తెలిసేది కాదు. ఆయనకు నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను. కానీ ఆ కథల్లో మాంత్రికుణ్ణి చూడగానే గుర్తుపట్టొచ్చు. మా వీధిలో అలా కుదరలేదు.

చూడగానే గుర్తుపట్టడం కుదరని అలాంటి కథని అమెరికాలో ఇ.ఎల్. కోనిగ్స్‌బర్గ్ 1967లో రాసింది. కొత్త ఊళ్లో తోడు లేని ఎలిజబెత్‌కి జెన్నిఫర్ అనే పిల్ల పరిచయమై, తాను మంత్రగత్తెనంటుంది. శిష్యురాలిగా చేర్చుకుని పచ్చిగుడ్లు తినమంటుంది. ఇద్దరూ కలిసి ఒక కప్పను పెంచుతారు. చివరికి దాన్ని జెన్నిఫర్ మరిగే పాత్రలో వేయబోతే ఎలిజబెత్ అడ్డం పడుతుంది. అక్కడ స్నేహం తెగుతుంది. మళ్లీ కలిసినప్పుడు మంత్రం ఊసే ఉండదు, ఇద్దరు మామూలు పిల్లలు. పెద్దయ్యాక చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇలాంటి నవల మా పల్నాడు పిల్లలకు కావాలి. తెలివిగల ఆడమనిషిని మాయలమారి అనడం మాకు పాత అలవాటు. పల్నాటి వీరగాథలో నాయకురాలు నాగమ్మ కోడిపందెం మాయతోనే గెలిచిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట అక్కడితో ఆగదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. పదేళ్ల పిల్లకు ఇవన్నీ చెప్పలేం. భయపడుతూనే ఆ గుమ్మం తొక్కిన ఒక పిల్ల కథ చెప్పొచ్చు.

ఒకరోజు ముసలమ్మ నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. “తిను తల్లీ” అంది. తింటే ఏదో అయిపోతానని గుప్పిట మూసుకుని బయటికొచ్చి, తుమ్మచెట్టు కింద పారేశాను. వెనక్కి తిరిగితే ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. ఏమీ అనలేదు. లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

వారం రోజులు బళ్లో నా వైపు చూడలేదు. చీమలు పట్టిన ఆ ముక్కని రోజూ చూసేదాన్ని.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మా ఇంటికే వచ్చింది. చంకలో బైండు, చేతిలో రెండు బెల్లం ముక్కలు. అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, ఒకటి నోట్లో వేసుకుని నమిలి మింగింది. మింగానని నోరు తెరిచి చూపించింది. అప్పుడు రెండోది నాకు చాపింది.

తిన్నాను. బెల్లంలో ఇసుక తగిలింది.

“ఏడ దాకా చదివాం?” అంది అరుగెక్కి కూర్చుంటూ.