మూడు కొంగల చక్రం

కందకుర్తిలో గోదావరిని మంజీర, హరిద్ర కలుస్తాయి. గోదావరి తెలంగాణ గడ్డ మీద అడుగు పెట్టేదీ ఇక్కడే. ఈ రెంజల్, బోధన్ ప్రాంతంలో చాలా వరకు నల్లరేగడి. వాన పడితే ఆ మన్ను సైకిలు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దూరి, పొరలు పొరలుగా పట్టి, చివరికి చక్రాన్ని తిరగనివ్వదు. అదే మన్ను ఎండాక దుమ్మై హబ్బులోకి, పెడళ్ళలోకి, హ్యాండిలు కప్పుల్లోకి వెళ్తుంది. ఇక సీటు గొట్టంలోంచి కిందికి జారిన వాననీళ్ళు క్రాంకు తిరిగే గూట్లో చేరి పాత గ్రీజును బూడిదరంగు ముద్దగా మారుస్తాయి. మెకానిక్కులు బీబీ అని పిలిచే ఆ గూడును విప్పితే, సైకిలు ఎన్ని వానాకాలాలు తిరిగిందో ఆ ముద్దే చెబుతుంది.

సైకిలు ఈ ఊళ్ళలో ఇంతగా పాతుకుపోవడానికి కారణం నీళ్ళూ చెరుకూ. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్ళు బోధన్ వైపు పారాయి, పొలాల్లోకి చెరుకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ ఏర్పడింది. చెరుకు బండ్ల మీద కదిలితే మనుషులు సైకిళ్ళ మీద కదిలారు. షిఫ్టుకు పోయే కార్మికుడికి, తోట నుంచి తోటకు తిరిగే గుమాస్తాకు, వెనక క్యారేజీకి కేన్లు కట్టుకున్న పాలవాడికి కావలసింది నిటారుగా కూర్చోనిచ్చే, క్వింటాలు బరువెత్తినా వంగని, గతుకుల బాటకు బెదరని బండి. ఇంగ్లండులో రోడ్‌స్టర్ అని పిలిచిన ఆ ఉక్కు సైకిలు అలాంటిదే. 28 అంగుళాల చక్రాలు, నిలువెత్తు ఫ్రేము, తీగలకు బదులు కడ్డీలతో పనిచేసే బ్రేకులు.

స్వాతంత్ర్యానికి ముందు దొరికిన సైకిళ్ళలో ఎక్కువ భాగం ఓడెక్కి వచ్చినవే. నాటింగ్‌హామ్ నుంచి రాలీ వచ్చేది. బర్మింగ్‌హామ్ నుంచి హెర్క్యులిస్, బీఎస్ఏ వచ్చేవి. హంబర్, రడ్జ్ పేర్లు కూడా తర్వాత రాలీ చేతికే చేరాయి. పాత సైకిలును గుర్తుపట్టడానికి రంగు, బొమ్మల స్టిక్కర్లు చెరిగిపోయినా ఫర్వాలేదు, చెయిన్ చక్రం చూస్తే చాలు. మసి, జిడ్డు కడిగేసరికి రాలీ చక్రంలో మూడు కొంగ తలలు బయటపడతాయి. ఆ కంపెనీని పెంచి పెద్దచేసిన ఫ్రాంక్ బౌడెన్ వంశచిహ్నం అది. హంబర్ చక్రంలో పరుగెత్తుతున్న అయిదుగురు మనుషులుంటారు. రడ్జ్‌లో ఎత్తి పట్టిన అరచెయ్యి. ఇనుప పలకను కోసి ఇంత సొగసు పెట్టడం వల్ల బరువు మోయడంలో తేడా ఏమీ రాదు. అయినా పెట్టారు. తొక్కేవాడి కుడికాలి పక్కన జీవితకాలం తిరిగే వస్తువు అందంగా ఉండాలని ఎవరో అనుకున్నారు.

కడగడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గ్యాసునూనెలో నానబెట్టడం, పాత టూత్‌బ్రష్షుతో రుద్దడం, తుప్పు పట్టిన చిన్న సామాను చింతపండు పులుసులో రాత్రంతా ఉంచడం అందరికీ తెలిసిన పనులే. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. గరుకు కాగితంతో రుద్దకూడదు. 1930 ప్రాంతానికి ముందరి సైకిళ్ళకు నికెల్ పూత, ఆ తర్వాతి వాటికి ఎక్కువగా క్రోమియం పూత. నికెల్ కొద్దిగా పసుపు జాడతో వెచ్చగా మెరుస్తుంది, క్రోమియంలో నీలి చల్లదనం ఉంటుంది. గరుకు కాగితం రెంటినీ ఒకేలా పాడుచేస్తుంది. నల్లరంగు మీద బంగారు గీతలు కనిపిస్తే చెయ్యి మరింత తేలిక చేయాలి. సన్నని కుంచెతో, స్కేలు ఆనించకుండా మనిషి చేత్తో గీసిన గీతలవి. వాటి మీద కొత్త పెయింటు కొట్టించిన సైకిలును మెరుగుపరిచినట్టు కాదు, దాని దస్తూరిని చెరిపేసినట్టు.

అసలు పని కడిగిన తర్వాత మొదలవుతుంది. విప్పడానికి బలం ఉంటే సరిపోతుంది, బిగించడానికి క్రమం తెలియాలి. గోనెసంచి పరిచి, విప్పిన వరసలోనే సామాను పేర్చుకున్నవాడికి సగం పని అయినట్టే. ముందటి హబ్బు యాక్సిలు, బేరింగు బాల్సుకు ఆనే కోన్లు, వాషర్లు ఒక తీగకు గుచ్చి పెట్టాలి, వెనకవి ఇంకో తీగకు. ఎడమవీ కుడివీ కలవకూడదు. ఏళ్ళ తరబడి జతగా అరిగిన కోనూ కప్పూ మళ్ళీ జతగానే కూర్చోవాలి.

ముందు ఫోర్కు. పైనా కిందా ఉన్న కప్పుల్లో కొత్త గ్రీజు మెత్తి అందులో బాల్సు పేర్చాలి. హ్యాండిలు దగ్గరవి చాలా చిన్నవి, 5/32 అంగుళం. గ్రీజు వాటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఫోర్కు పైకి ఎక్కించేటప్పుడు రాలవు. సైకిలంతటా ఒకే సైజు బాల్సు వాడరు. ముందటి హబ్బులో 3/16 అంగుళానివి పక్కకు 10, వెనక హబ్బులో పావు అంగుళానివి పక్కకు 9, బీబీలో పావు అంగుళానివే పక్కకు 11. లెక్క మరిచిపోయిన మెకానిక్కుకు ఒక కొండగుర్తు ఉంది. కప్పు నిండా పేర్చి ఒకటి తీసేయాలి. ఆ ఒక్క బాలు ఖాళీ లేకపోతే అవి ఒకదానితో ఒకటి రాసుకుని కప్పును తినేస్తాయి.

కోను బిగింపు చేతికి మాత్రమే తెలిసే విద్య. గట్టిగా బిగిస్తే చక్రం గరగరమంటుంది, వదులైతే రిమ్ము పక్కలకు ఊగుతుంది. బోధన్, నిజామాబాద్ బజార్లలో ఉర్దూ, తెలుగు కలగలిసిన దుకాణాల్లో ఉస్తాద్ తన దగ్గర పని నేర్చుకునే పిల్లవాడికి మొదట నేర్పేది ఇదే: "బేటా, పానా బలం చూపియ్యకు, చక్రం ఏమంటుందో ఇను." సరిగ్గా కుదిరిన చక్రాన్ని వేలితో మీటి వదిలితే నెమ్మదిస్తూ, నెమ్మదిస్తూ చివరికి ట్యూబు వాల్వు కిందికి వచ్చేలా అటూ ఇటూ ఊగి ఆగుతుంది. వాల్వు బరువు కొన్ని గ్రాములే. ఆ కొన్ని గ్రాములకు కూడా లొంగేంత తేలికగా తిరగాలి.

బీబీ దగ్గర పాత సైకిలు మనిషిని పరీక్షిస్తుంది. కుడివైపు కప్పుకు ఎడమ మర. అంటే మామూలుగా విప్పే దిక్కులో తిప్పితే అది బిగుస్తుంది. ఎడమ పెడలుకూ ఇంతే. తొక్కుతున్నప్పుడు పుట్టే తిరుగుడు బలం ఈ రెంటినీ మెల్లమెల్లగా విప్పేయకుండా చేసిన ఏర్పాటిది. ఇది తెలియక పొడవాటి గొట్టం తగిలించి బలంగా తిప్పినవారి వల్ల పాడైన ఫ్రేములు పాత ఇనుప సామాను కొట్లలో కనిపిస్తూనే ఉంటాయి. దీనికి తోడు ఇంకో చిక్కు. చాలా కంపెనీలు బీబీ కప్పులకు అంగుళానికి 24 మరలు పెడితే, రాలీ మాత్రం తన ఫ్రేములకు 26 పెట్టుకుంది. కంటికి తేడా తెలియదు. కొత్తగా కొన్న 24 మరల కప్పును నాటింగ్‌హామ్ ఫ్రేములోకి పానాతో నెడితే మొదట ఎక్కినట్టే ఎక్కి, తర్వాత ఫ్రేములోని మరను కోసేస్తుంది. అందుకే ఏ కప్పైనా మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. తిరగకపోతే ఆ కప్పు ఆ ఫ్రేముది కాదు.

కాటర్ పిన్ను చిన్న వస్తువే అయినా, దానికి ఎక్కువ గౌరవం ఇవ్వాలి. వేలెడు పొడవున్న ఈ ఇనుప మేకే క్రాంకును యాక్సిలుకు పట్టి ఉంచుతుంది. తొక్కేవాడి బరువంతా, వెనక కట్టిన బస్తా బరువంతా ఎత్తు ఎక్కేటప్పుడు దాని మీదే పడుతుంది. దానికి ఒక పక్క ఏటవాలుగా చదును ఉంటుంది. ఆ చదును యాక్సిలు మీది గాడికి నిండుగా ఆనాలి. ఆనకపోతే ఆకురాయితో కొద్దికొద్దిగా రాసి, పెట్టి చూసి, మళ్ళీ రాసి కుదర్చాలి. ఎడమ పిన్ను, కుడి పిన్ను ఎదురెదురు దిక్కుల నుంచి దిగాలి. రెండూ ఒకే వైపు నుంచి దిగితే క్రాంకులు ఒక గీతలో నిలవవు, తొక్కుతుంటే కాలు కుంటుతున్నట్టు ఉంటుంది. సుత్తెతో కొట్టేముందు క్రాంకు కింద బలమైన కర్రదుంగో గొట్టమో ఆన్చాలి. లేకపోతే దెబ్బ బాల్స్ మీద పడి కప్పులో గుంటలు పడతాయి. పిన్నును లోపలికి లాగడం నట్టు పని కాదు. పిన్ను సుత్తె దెబ్బతో దిగాలి, దిగిన దాన్ని కదలనివ్వకుండా కాపాడటానికే నట్టు. ఈ తేడా తెలియక నట్టుతోనే లాగి మర తెగ్గొట్టిన పిన్నులకు లెక్కలేదు.

చక్రాల సంగతికి వస్తే, ఈ సైకిళ్ళకు ముందు 32 పుల్లలు, వెనక 40. మనిషీ బరువూ ఎక్కువగా వెనక చక్రం మీదే ఉంటాయి కాబట్టి ఆ ఎనిమిదీ అదనం. హబ్బు నుంచి పుల్లలు నేరుగా రిమ్ముకు పోవు, నులక మంచం అల్లికలా ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ వాలుగా వెళ్తాయి. 1874లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ ఈ వాలు పుల్లల పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నిలువు పుల్లలైతే పెడలు తోపుకు మెలి తిరుగుతాయి, వాలుగా ఉన్నవి ఆ తోపును లాగుడుగా మార్చుకుంటాయి. బెండు తీయడానికి ప్రత్యేకమైన స్టాండు లేకున్నా ఫర్వాలేదు. సైకిలును తలకిందులు చేసి, ఫోర్కుకు ఒక సుద్దముక్క ఆనించి చక్రం తిప్పితే ఎక్కడ గీత పడుతుందో అక్కడ రిమ్ము పక్కకు వచ్చినట్టు. ఆ చోట ఎదుటి వైపు పుల్ల నిపిల్‌ను పావు చుట్టు బిగించాలి, ఇటువైపుది పావు చుట్టు వదలాలి. పావు చుట్టుకు మించి ఆశపడితే బెండు ఇంకో చోటికి పోతుంది. ఓపిక లేనివాళ్ళు ఈ పని జోలికి పోకపోవడమే మంచిది.

చెయిన్ ఎక్కించేటప్పుడు జాయింటు మీద వేసే చిన్న క్లిప్పు మూసుకున్న అంచు చెయిన్ నడిచే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే దారిలో ఏ కట్టెపుల్లకో తగిలి ఊడిపోవచ్చు. కడ్డీ బ్రేకుల్లో విచిత్రం ఏమీ లేదు, కీళ్ళు మాత్రం చాలా ఉన్నాయి. హ్యాండిలు కింద పిడిని నొక్కితే కడ్డీ పైకి లేచి, గుర్రపు నాడాలాంటి ఇనుప స్టిరప్పు రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి అంచుకు అదుముతుంది. ప్రతి కీలులో ఒక చుక్క నూనె, ప్రతి నట్టులో ఒక వెంట్రుకవాసి వదులు. వానలో తడిసిన ఉక్కు రిమ్ము మీద ఈ బ్రేకులు సరిగ్గా పట్టవన్నది నిజం. కందకుర్తి వంతెన మీద వానలో పోయేవారు ముందే చక్రం నెమ్మది చేసుకోవాలి.

సీటు బ్రూక్స్ తోలుదైతే దాన్ని నీళ్ళలో నానబెట్టకూడదు. 1866లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన ఆ కంపెనీ సీట్ల ముక్కు దగ్గర ఒక బిగింపు నట్టు పెట్టింది. సాగిన తోలును మళ్ళీ బిగువెక్కించడానికి అది చాలు. ఆఖరున వాల్వు ట్యూబు. రబ్బరు గొట్టం ముక్క కొత్తది తొడిగితేనే గాలి నిలుస్తుంది. ఎంత ఖరీదైన సైకిలైనా ఈ చిన్న రబ్బరు దగ్గర ఆగిపోతుంది.

ఇలా బిగించిన సైకిలును చూస్తే ఒక సంగతి గట్టిగా తోస్తుంది. ఇలాంటి సైకిళ్ళు తయారుచేసిన కర్మాగారాలు చాలా వరకు మూతపడ్డాయి. నాటింగ్‌హామ్‌లో రాలీ సైకిళ్ళ తయారీ 2002తో ఆగింది. ఆసన్‌సోల్‌లో ఆ పేరుతో మన దేశంలోనే సైకిళ్ళు చేసిన సేన్-రాలీ ప్రభుత్వం చేతికి పోయి, చివరికి నిలిచిపోయింది. 1951లో సోనేపట్‌లో పుట్టిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే, ఆగింది. ఆ సైకిళ్ళెక్కి జనం పనికి పోయిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు, పొగగొట్టం చల్లబడింది. కానీ ఆ కంపెనీల సైకిళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. కారణం, వాటిని విప్పి మళ్ళీ బిగించడానికి వీలుగా పుట్టించారు. మూత వేసి అతికించిన భాగం ఒక్కటీ లేదు. రెండు పానాలు, ఒక సుత్తె, ఒక ఆకురాయి ఉన్న ఊళ్ళో ఆ బండికి చావు లేదు. 28 × 1½ టైర్లు, కాటర్ పిన్నులు, పుల్లలు, బాల్సు లూధియానా నుంచి నేటికీ వస్తున్నాయి. నేడు కొనే వస్తువుల్లో ఎన్నింటికి 70 ఏళ్ళ తర్వాత ఒక నట్టు దొరుకుతుందో ఆలోచిస్తే, ఆ కాలపు తయారీదార్ల పట్ల మనసు నిండా గౌరవం కలుగుతుంది. ఆ గౌరవం చూపించే పద్ధతి కూడా ఒకటే: అసలు భాగం పనికొచ్చినంత కాలం కొత్తది వేయకపోవడం, కొత్తది వేసినప్పుడు పాతదాన్ని పారేయకుండా డబ్బాలో దాచడం.

కూర్చిన సైకిలును మొదటి రోజు దూరం తొక్కకూడదు. కందకుర్తి నుంచి రెంజల్ దాకా పోయి తిరిగి వస్తే చాలు. కొత్తగా దిగిన కాటర్ పిన్ను ఆ తొక్కుడుకు యాక్సిలు గాడిలో ఇంకా కొద్దిగా దిగుతుంది, దాని నట్టు వదులవుతుంది. ఇంటికి రాగానే క్రాంకు కింద దుంగ ఆన్చి పిన్నుకు ఇంకో రెండు దెబ్బలు వేయాలి, నట్టును మళ్ళీ బిగించాలి. పుల్లలను జతలు జతలుగా చేత్తో నొక్కి చూసి, వదులైన వాటికి పావు చుట్టు ఇవ్వాలి. వెనక యాక్సిలు నట్లు, హ్యాండిలు లాక్‌నట్టు కూడా ఒకసారి చూసుకున్నాక బోధన్ దాకా ధైర్యంగా పోవచ్చు.