సైకిల్ ట్యూబు ముక్కలు

వదినగారూ, బట్టలారేయడం అయ్యిందా? మీ చిన్నబ్బాయి రేపు తెల్లారుజామున కోడల్ని తీసుకుని శ్రీశైలం బయల్దేరుతున్నాడటగా, మా పనమ్మాయి చెప్పింది. కారు ఆ పాతదేనా? అయితే ఆ బకెట్ పక్కన పెట్టి ఓసారి ఇలా గోడ దగ్గరికి రండి. ఈ మాట చెప్పకపోతే నాకు రాత్రి నిద్రపట్టదు.

పోయినేడు మే నెలలో మేం వెళ్లినప్పటి సంగతి మీకు పూర్తిగా చెప్పనేలేదు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతున్నాం. తుమ్మలబైలు దాటి కాసేపయ్యిందో లేదో, వెనక సీట్లోంచి మనవరాలు “అమ్మమ్మా, పాకం వాసనొస్తోంది” అంది. అడవిలో పాకం ఏమిటే అన్నాను. మా ఆయనకి మాత్రం వెంటనే తెలిసిపోయింది. కూలెంట్ కారి వేడి ఇంజన్ మీద పడితే అలాగే తియ్యటి వాసన వస్తుందట. చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది. ఏసీ కట్టేసి, నీడ చూసి బండి పక్కకి తీశారు. బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి.

మా అల్లుడు దిగీ దిగగానే తువ్వాలు చేత్తో పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యేశాడు. మా ఆయన ఒక్క అరుపు అరిచారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంత గట్టిగా అరవడం నేను వినలేదు. ఆయన కుడి ముంజేతి మీద మచ్చ మీరు చూసే ఉంటారు, మోచేతి దాకా ముడతలు పడ్డట్టు ఉంటుంది. టాక్సీ తోలే రోజుల్లో ఆ మూత తొందరపడి తీసినందుకే అది. నెల రోజులు ఆ చేత్తో అన్నం కలుపుకోలేకపోయారు.

మన ప్రెషర్ కుక్కరూ అదీ ఒకటే వదినగారూ. రేడియేటర్ మూతకి లోపల స్ప్రింగు ఉంటుంది, అది ఒత్తి పట్టుకోబట్టే నీళ్లు 100 డిగ్రీలకి మరగవు, 120 దాకా ఆగుతాయి. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోతుంది, ఉన్న నీళ్లన్నీ ఒక్కసారి మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. విజిల్ దిగకుండా కుక్కర్ మూత తీస్తామా? మీవాడికి ఈ ఒక్కటి మాత్రం పదిసార్లు చెప్పండి. ముప్పావుగంట ఆగాలి. పైన లావుపాటి రబ్బరు పైపు పట్టుకుంటే చెయ్యి కాలకూడదు, నొక్కితే మెత్తగా నొక్కుకోవాలి. అప్పుడు మూత తియ్యాలి.

ఆ ముప్పావుగంట మాకు యుగంలా గడిచింది. చుట్టూ నల్లమల, ఫోన్‌లో సిగ్నల్ లేదు, చెట్ల మీంచి కోతులు దిగుతున్నాయి. రాత్రిపూట ఆ దారిలో బళ్లు వదలరని నాకు ఒకటే గుబులు.

చల్లారాక చూస్తే ఆ పై పైపే, మధ్యలో గోరంత పొడుగున చీలింది. అదే చివర, క్లిప్పు దగ్గర చీలితే సులువట. అంతమేరా బ్లేడుతో కోసేసి, మళ్లీ ఎక్కించి క్లిప్పు బిగించుకోవచ్చు. మధ్యలో కాబట్టి మా ఆయన డిక్కీలోంచి తన సంచి తీశారు. అందులో ఎప్పుడూ పాత సైకిల్ ట్యూబు ఉంటుంది, రెండు వేళ్ల వెడల్పున కోసి చుట్ట చుట్టి. ట్యూబు లోపల తెల్లటి పౌడరు ఉంటుంది చూశారా, అది ఉంటే రబ్బరు రబ్బరుని పట్టదు. నా కొంగుతోనే శుభ్రంగా తుడిచాను. పైపూ పొడిగా తుడిచాం. ఒక చివర నేను బొటనవేలితో అదిమిపట్టుకున్నాను. ఆయన లాగి లాగి చుట్టారు, నల్ల రబ్బరు సాగి బూడిదరంగుకి తిరిగేదాకా. చీలిక కంటే నాలుగు వేళ్ల ముందు మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కేలా, పోనూ రానూ ఏడెనిమిది పొరలు. చివర ఆ ట్యూబు ముక్కతోనే ముడేశారు. తీగతో కడితే అది పైపుని కోసేస్తుందట.

తర్వాత నీళ్లు. ఉన్న మంచినీళ్ల సీసాలన్నీ తీసి కొంచెం కొంచెంగా పోశారు. వేడి ఇంజన్ మీద చల్లనీళ్లు ఒక్కసారి పోస్తే హెడ్ పగలొచ్చు, పొయ్యి మీది గాజుగిన్నెలో చన్నీళ్లు పోసినట్టే. మూత పూర్తిగా బిగించలేదు, మొదటి మెట్టు దగ్గరే వదిలేశారు. ఒత్తిడి పెరిగితే కట్టిన కట్టు ఊడుతుంది. కానీ ఒత్తిడి లేకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి కదా, అందుకని మెల్లగా పోవాలి, ముల్లు మీదే కన్నుండాలి. మే నెల మధ్యాహ్నం అద్దాలన్నీ దింపి హీటర్ పెట్టారు వదినగారూ! ఇంజన్ వేడి కొంత లోపలికి లాగుతుందట. చెమటలు కారిపోతున్నా ఎవరం మాట్లాడలేదు.

ఇక బండి ఎటు తిప్పాలి? అల్లుడు ఇంతదూరం వచ్చాం, పైకే పోదామన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. ఎక్కుడులో ఇంజన్‌కి బరువెక్కువ, దిగుడులో శ్రమ ఉండదు. దోర్నాలకే తిప్పారు. మధ్యమధ్యలో ఆగుతూ వచ్చాం. అక్కడ షెడ్డులో కొత్త పైపు వేయించుకుని, మర్నాడు పొద్దున్నే వెళ్లి మల్లన్న దర్శనం చేసుకున్నాం.

ఆఁ, పసుపు సంగతి. మీ అన్నయ్య రేడియేటర్‌లో పసుపు వెయ్యమన్నారని మీరు ఒకసారి అన్నారు గుర్తుందా? పాత డ్రైవర్లందరూ వేసేవాళ్లు, మా ఆయనా వేశారు. రేడియేటర్‌లో సూదిబెజ్జమంత చిల్లు పడినప్పుడు రెండు చెంచాల పసుపు కలిపితే అది నీళ్లతో తిరుగుతూ పోయి ఆ బెజ్జంలో కూరుకుంటుంది. అప్పటివి రాగీ ఇత్తడీ రేడియేటర్లు, తర్వాత కడిగి టంకం పెట్టించుకునేవాళ్లు. ఇప్పటివి సన్నటి అల్యూమినియం గొట్టాలు, రెండు చివరలా ప్లాస్టిక్ తొట్లు. పసుపు ఆ సన్నదారుల్లో గడ్డకడితే ఉన్న దారీ మూసుకుపోతుంది. మీవాడి కారులో వెయ్యొద్దని గట్టిగా చెప్పండి. ప్లాస్టిక్ తొట్టి బీటవేస్తే గరుకు కాగితంతో గీకి, తడి లేకుండా ఆర్చి, ఎమ్‌సీల్ కలిపి నొక్కి, గట్టిపడేదాకా ఓపిక పట్టాలి. తడి మీద అది నిలవదు.

నీళ్లన్నీ సరిగ్గానే ఉండి, ఫ్యాను తిరక్క వేడెక్కితే ముందు ఫ్యూజు చూసుకోమనండి. చాలా బళ్లలో హారన్ రిలే, ఫ్యాను రిలే ఒకే రకం. మీద నంబరు సరిపోతే మార్చి పెట్టుకోవచ్చు. పొగగొట్టంలోంచి తెల్లపొగ ఆగకుండా వస్తున్నా, ఆయిల్ పాలుపోసిన కాఫీ రంగుకి తిరిగినా మాత్రం తాళం తిప్పనే కూడదు. లాగించుకుపోవడమే.

ఇంకోటి, మన బోరు నీళ్లు పొయ్యొద్దు. కాచిన గిన్నెల్లో తెల్లగా పేరుకుంటుందే, అదే రేడియేటర్‌లోనూ పేరుకుంటుంది. తప్పనిసరై పోస్తే, చేరాక కడిగించి కూలెంట్ పోయించాలి. నేలమీద కారిన కూలెంట్ అలాగే వదిలేయొద్దు, విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. మన వీధి చివర పిల్లల్ని పెట్టిన ఆ ఎర్రకుక్కని తలుచుకుంటే నాకు భయం. మట్టి పోసి ఎత్తేయాలి.

ఇదిగో, ఈ సంచి అందుకోండి. ట్యూబు చుట్ట, ఎమ్‌సీల్, స్క్రూడ్రైవరు, ఒక క్లిప్పు పెట్టాను. గోడ పక్కన రెండు క్యాన్లున్నాయి, ఫిల్టర్ నీళ్లు పట్టి ఉంచాను. బరువుగా ఉన్నాయి, మీవాణ్ణే వచ్చి తీసుకెళ్లమనండి. మా ఆయన ఇంట్లోనే ఉన్నారు, ట్యూబు ఎలా చుట్టాలో ఒకసారి చేసి చూపిస్తారు.