పిన్ని కళ్లు, థైరాయిడూ

అవనిగడ్డలో మా పిన్ని అందరినీ ఉరిమి చూస్తోందని వీధిలో గుసగుసలు. కోపం లేదు, పాడూ లేదు. పై రెప్ప మీదికి లాక్కుపోయి నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనబడుతోంది. నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా మూతపడవు. తెల్లారేసరికి ఇసుక పడ్డట్టు మంట, ఒకటే నీళ్లు. దిష్టి కూడా తీశారు లెండి!

గ్రేవ్స్ జబ్బట. 1835లో డబ్లిన్ డాక్టర్ రాబర్ట్ గ్రేవ్స్ దీని గురించి రాశాడు. ఒంట్లో రక్షణ వ్యవస్థే దారితప్పి థైరాయిడ్‌ని రెచ్చగొడుతుంది, కంటి వెనక కండరాల్నీ కొవ్వునీ వాపెక్కిస్తుంది. అందుకే మాత్రలతో థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ దారికొచ్చినా కన్ను కుదుటపడకపోవచ్చు. థైరాయిడ్ ఉన్న అందరికీ ఇది రాదు, కంగారు పడకండి. కానీ ఒకటి రెండుగా కనబడితే చూపించుకోవాలి. రంగులు వెలిసినట్టుంటే కంటి నరం నలుగుతోందేమో, అది సంక్రాంతి వెళ్లాక చూద్దాం అనే వ్యవహారం కాదు.

మా దివిసీమ వాళ్లకి కరకట్ట మీదుగా వెళ్తే విజయవాడ పక్కనే, తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. అన్నట్టు, పొగ ఈ జబ్బుకి ఆజ్యం. పిన్నికి ఆ అలవాటు లేకపోయినా బాబాయి చుట్టని అరుగు మీంచి కాలవగట్టుకి తరిమేసింది.