గోదారి గట్టుకు పారొచ్చిన లావా!

గౌరీపట్నం అనగానే గోదావరి జిల్లాల వారికి రెండు గుర్తొస్తాయి. ఒకటి నిర్మలగిరి మేరీమాత. రెండోది నల్లరాయి. కొవ్వూరు నుంచి దేవరపల్లి వైపు వెళ్తుంటే పంగిడి దగ్గరే క్రషర్ల రొద మొదలవుతుంది. రోడ్డు పక్క చెట్ల ఆకులు పచ్చగా కాదు, బూడిదరంగులో కనిపిస్తాయి. కంకర లారీలు ఒకదాని వెనక ఒకటి డెల్టా దారి పడతాయి. పడక ఏం చేస్తాయి? పాలకొల్లులోనో రాజోలులోనో ఎంత లోతు గొయ్యి తీసినా వచ్చేది ఒండ్రుమట్టే. అక్కడ స్లాబు వెయ్యాలన్నా రోడ్డు వెయ్యాలన్నా రాయి మెరక నుంచి రావాల్సిందే.

తమాషా ఏమిటంటే ఆ నల్లరాయి కూడా ఇక్కడిది కాదు. అదీ వలస వచ్చిందే. పడమటి కనుమల నుంచి... సుమారు వెయ్యి కిలోమీటర్లు పారుకుంటూ!

ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి మాట. ఇప్పటి మహారాష్ట్ర ప్రాంతంలో నేల పగుళ్లిచ్చి లావా పొంగింది. ఒక్కసారి కాదు, లక్షల ఏళ్లపాటు విడతలు విడతలుగా. అలా గడ్డకట్టిన రాళ్లనే దక్కన్ ట్రాప్స్ అంటారు. ఇప్పటికీ అవి దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో పరుచుకుని ఉన్నాయి. ఆ పరుపు మన వైపు వచ్చేసరికి తెగిపోతుంది. తర్వాత సుమారు 400 కిలోమీటర్లు జాడే లేదు. మళ్లీ హఠాత్తుగా గోదావరికి ఇటు పంగిడి, గౌరీపట్నం దగ్గర, అటు రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరులో తేలింది. మధ్యలో అంత ఖాళీ ఉంటే ఇది అదే లావా అని ఎలా నమ్మడం? ఇక్కడే వేరే అగ్నిపర్వతం ఉండేదేమో అన్నవాళ్లూ ఉన్నారు. రాళ్లలోని రసాయనాలను పోల్చి చూసి 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం తేల్చిన లెక్క వేరు. పడమటి కనుమల్లో మహాబలేశ్వరం, అంబెనలి పేర్లతో పిలిచే రాతి పొరలకూ రాజమండ్రి రాళ్లకూ పోలిక కుదిరింది. ఆ లెక్కన భూమ్మీద తెలిసిన లావా ప్రవాహాల్లో అతి పొడవైనవి ఇవే కావచ్చు.

వెయ్యి డిగ్రీలు దాటిన వేడితో బయల్దేరిన లావా దారిలోనే గడ్డకట్టాలి కదా! వంటింట్లో కాచిన పాలు చూసినవారికి జవాబు తేలికే. పైన మీగడ కడితే లోపలి పాలు చాలాసేపు వేడి చల్లారవు. లావా మీద కూడా అలాగే పెంకు కట్టింది. లోపల వేడి నిలిచి, వెనక నుంచి కొత్త లావా తోసుకొస్తుంటే ముందుకు సాగింది. అప్పటి నదీ లోయలు దానికి దారిచ్చి ఉంటాయని శాస్త్రవేత్తల ఊహ. అంటే గోదారమ్మకు ముత్తవ్వలాంటి ఏదో నది ఒడిలోనే అది తూర్పు తీరానికి చేరిందన్నమాట.

క్వారీ గోడను పరికించి చూస్తే ఈ కథ పొరలు పొరలుగా కనిపిస్తుంది. అడుగున నల్లరాయి. పైన నల్లరాయి. మధ్యలో లేతరంగులో సున్నపురాయి, బంకమన్ను. రెండు లావాల నడుమ దొరికిన విరామంలో ఇక్కడ ఉప్పుటేరులాంటి నీళ్లు నిలిచాయి. గుల్లలు, నాచు, కంటికి ఆనని ఫొరామినిఫెరా జీవులు ఆ మడ్డిలో సమాధి అయ్యాయి. ఈ గుల్లల సంగతి 19వ శతాబ్దంలోనే లోకానికి తెలుసు. నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 1860లో వాటిని వర్ణించాడు. 1930లలో ఎల్.రామారావు, ఎస్.ఆర్.నారాయణరావు వంటివారు ఇక్కడి శిలాజాల వెంట పడ్డారు. దక్కన్ లావా వయసెంత అన్న వాదనకు బీర్బల్ సహానీ కూడా దిగాడు.

ఆ వాదన వెనక పెద్ద ప్రశ్నే ఉంది. రాక్షసబల్లుల్ని చంపిందెవరు? ఆకాశం నుంచి పడ్డ గ్రహశకలమే అని 1980లో అల్వారెజ్ బృందం చెప్పింది. మెక్సికోలో చిక్సులూబ్ గొయ్యి బయటపడ్డాక ఆ మాటకు బలం పెరిగింది. లావా వెదజల్లిన వాయువుల పాత్రా తక్కువది కాదన్నది ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ వాదం. సాక్ష్యం కోసం ఆమె రాజమండ్రి దాకా వచ్చింది. మధ్యపొరలో ఉన్నవి మహావినాశనం జరిగిన వెంటనే పుట్టుకొచ్చిన జీవులని, కాబట్టి అడుగు లావా ఆ వినాశనం వేళకే ముగిసిందని 2008లో ఆమె బృందం ప్రకటించింది. ఆ తర్వాత ఓఎన్‌జీసీ శాస్త్రవేత్తలతో కలిసి కృష్ణా గోదావరి బేసిన్‌లోని లోతైన బావుల రాళ్లనూ చూసి, 2011లో ఇంకో పత్రం ప్రచురించింది. అన్నట్టు, కోనసీమ కింద ఎంతో లోతున దాగిన ఈ లావా పొరకు చమురు శాస్త్రవేత్తలు పెట్టిన పేరేమిటో తెలుసా? రాజోలు ఫార్మేషన్! వరిచేలు, కొబ్బరితోటల కింద అంత అగ్గి చల్లారి పడుకుని ఉందని రాజోలువారిలో ఎందరికి తెలుసో.

కథ అక్కడితో ముగిసిందా అంటే లేదు. 2020లో ఇసబెల్ ఫెండ్లీ బృందం ఆర్గాన్ పద్ధతిలో రాళ్ల వయసు కట్టింది. రాజమండ్రి దగ్గర పైకి కనిపిస్తున్న రాళ్లలో అసలు ఆ వినాశనపు హద్దే లేదని, ఇక్కడి లావా దాని తర్వాతిదని తేల్చింది. ఒకే రాయి, ఒకే క్వారీ... రెండు తీర్పులు. అంతకుముందు ఏడాదే పడమటి కనుమల రాళ్ల మీద రెండు బృందాలు రెండు వేర్వేరు పద్ధతుల్లో లెక్కలు కట్టి, లావా ఎప్పుడు ఎక్కువగా పొంగిందన్న దగ్గర భిన్నాభిప్రాయాలకొచ్చాయి. గ్రహశకలం దెబ్బనే ఎక్కువమంది ఒప్పుకొంటున్నా, లావా వాటా ఎంతన్నది ఇంకా తెగలేదు.

తెగాలంటే మళ్లీ రాయి దగ్గరికే రావాలి. చిక్కంతా అక్కడే ఉంది. ఈ పొరలు ఇంత స్పష్టంగా కంటపడ్డాయంటే అది క్వారీల పుణ్యమే. తవ్వకపోతే లోపల ఏముందో ఏ శాస్త్రవేత్తకూ తెలిసేది కాదు. తవ్వుతూ పోతే రేపటివాళ్లకు చూడ్డానికి ఏమీ మిగలదు. మధ్యపొర మెత్తన, కంకరకు పనికిరాదు. పైరాయి పేల్చేటప్పుడు అదీ చెదిరిపోతుంది. అలాగని క్వారీలన్నీ మూసేయమనడం న్యాయం కాదు. రాయి మీద బతికే కుటుంబాలున్నాయి, రాయి లేనిదే ఇల్లు కట్టుకోలేని డెల్టా ఉంది. మూడు పొరలూ తేటగా కనిపించే ఒక్క గోడ చాలు. దాన్ని తవ్వకుండా వదిలి, పక్కన తెలుగులో ఓ బోర్డు పెడితే బడిపిల్లలు వచ్చి చూసుకుంటారు.

చూడాలనుకునేవారు రాజమండ్రి నుంచి రోడ్డు కం రైలు వంతెన మీదుగా కొవ్వూరు చేరి, అక్కడి నుంచి దేవరపల్లి దారి పట్టాలి. క్వారీలో అడుగుపెట్టే ముందు అక్కడివారి అనుమతి తప్పనిసరి. పేలుళ్ల వేళ అటు పోకూడదు. తిరుగుప్రయాణంలో 2015లో తెరిచిన నాలుగో వంతెన ఎక్కితే కాతేరు వైపు దిగొచ్చు. పంగిడిలో చూసిన లావాయే అక్కడా కాళ్ల కింద ఉంటుంది. మధ్యలో ఉన్నది గోదారి ఒక్కటే.