చేతులు మారిన నాణెములు

తీరిక వేళలను గడపుటకు లోకమున మార్గము లనేకములు గలవు. కొందరు తపాలా బిళ్లలను కూర్తురు. కొందరు పక్షుల యీకలను, మరికొందరు అగ్గిపెట్టెల బొమ్మలను దాచుకొందురు. నేను పదునాలుగవ యేటినుండియు పాత నాణెములను ప్రోగుచేయుచున్నాను. నా పెట్టెను చూచిన బంధువులలో పలువురు, “ఇవి యింత నల్లగా నున్నవేమి? కాస్త చింతపండు పెట్టి తోమరాదా?” యని యడుగుదురు. తోమకుండుటకు గల కారణమును విద్యార్థులకు తెలుపుటయే నా యుద్దేశము.

నాణెములను కూర్చుటలో రెండు పద్ధతులు గలవు. ప్రతి సంవత్సరపు ముద్రను, ప్రతి టంకశాల గుర్తును వెదకి కూర్చుట మొదటిది. ఇది మిక్కిలి వ్యయముతో కూడిన పని. రకమునకు ఒకటి చొప్పున కూర్చుట రెండవది. విద్యార్థులకు ఇదియే తగినది. రూపాయిని ఉదాహరణముగా తీసికొందము. 1835లో ఈస్టిండియా కంపెనీవారు తమ యేలుబడిలోని ప్రాంతముల కన్నిటికిని ఒకే తీరు వెండి రూపాయిని ఏర్పరచిరి. దాని బరువు తులము. దానిపై నున్నది నాలుగవ విలియము తల. 1840 నాటి రూపాయిపై విక్టోరియా రాణి కిరీటము లేకయు, 1862 నాటి దానిపై కిరీటముతోను కనిపించును. 1877 నుండి ఆమె పేరునకు చక్రవర్తిని యను బిరుదు చేరినది. పిమ్మట ఏడవ ఎడ్వర్డు, ఐదవ జార్జి. 1911 నాటి జార్జి రూపాయిలో రాజు దుస్తులపై నున్న ఏనుగు పందివలె నున్నదని జనులు గగ్గోలు పెట్టగా, మరుసటి యేట ఆ బొమ్మను దిద్దిరి. 1947లో వచ్చిన నికెలు రూపాయి వెనుక పులి గలదు. 1950 నుండి రాజుల తలలు పోయి అశోకుని సింహములు వచ్చినవి. ఇట్లు పట్టుమని పది రూపాయలు వరుసగా పేర్చినచో నూరేండ్లకు పైబడిన చరిత్ర కన్నుల యెదుట నిలుచును.

చిన్న నాణెములు ఇంకను చౌకగా లభించును. యుద్ధకాలమున లోహము కరవై 1943లో నడుమ చిల్లుగల కానీలు వచ్చినవి. నాయొద్ద నున్న కానీ చిల్లు అంచు ఒక ప్రక్కన మాత్రమే నునుపెక్కియున్నది. ఏ బిడ్డ మొలత్రాటనో అది యేండ్ల తరబడి వ్రేలాడియుండవలెను. 1957 ఏప్రిలు 1వ తేదీన రూపాయికి పదునారణాల లెక్క పోయి నూరు నయాపైసల లెక్క వచ్చినది. కానీ, అణా, బేడ, పావలా యను మాటలు నేటికిని పెద్దల నోట వినవచ్చుచున్నవి.

ఇక నాణెము నెన్నుకొను విధము. వాడుకలోనున్న నాణెము అరుగుట సహజము. రాణి చెక్కిలి, తలకట్టు మొదలగు ఎత్తయిన చోట్లు ముందుగా అరుగును. అక్షరముల సందులలో నలుపు నిలుచును. ఎత్తున తేట, పల్లమున నీడ: ఇదియే తోమని నాణెమునకు గుర్తు. కాలక్రమమున రాగిపై గోధుమవన్నెయు, వెండిపై బూడిదవన్నెయు పొరగా నేర్పడును. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో రాగిచెంబును, ఇత్తడి కుందెను చింతపండుతో తోముట యిల్లాండ్రకు నిత్యకృత్యము. చెంబునకు అది శోభయే. నాణెమును తోమినచో పులుసు ఆ పొరను తినివేయును. రాగి పచ్చిగా, ఎఱ్ఱగా తేలును. సన్నని గీతలు పడును. పోయిన వన్నెను మరల తెచ్చుట యెవరి తరమును గాదు.

ఈ విషయమున నాకొక పరీక్ష వచ్చినది. మా అవ్వ, చిన్ననాట జబ్బుపడిన మా మేనమామ కోలుకొనవలెనని తిరుమల స్వామికి మ్రొక్కి, ఒక రూపాయిని పసుపుగుడ్డలో ముడుపుగట్టినది. ఆయన కోలుకొనెను గాని, ఏవేవో అడ్డంకులచే ఆమె కొండ కెక్కలేకపోయినది. ఆమె గతించిన పిదప పెట్టె సర్దుచుండగా చివికిన ఆ గుడ్డ విడిపోయి రూపాయి బయటపడినది. అది 1862 నాటి విక్టోరియా రూపాయి. చెక్కిలి కొంచెమరిగి, సందులలో నీడ నిలిచి, అంచున పసుపు ఛాయ పట్టియున్నది. నేను ఆరేండ్లుగా వెదకుచున్న రకమదియే. అంగళ్లలో చూచినవన్నియు తోమినవో, హారమునకై కొక్కెము అతికి ఊడదీసినవో. “మరొక రూపాయి హుండీలో వేసిన చాలదా? ఇది నీవుంచుకో” యని మేనమామ యనెను. అమ్మ మాత్రము, “అవ్వ కట్టినది దీనినే గదా నాయనా” యని యూరకుండెను.

ఆ రాత్రి నేను చాలసేపు యోచించితిని. నాణెమునకు జరిగినదే దాని విలువ యని నేను నమ్ముదును. ఈ రూపాయికి జరిగినది ఆ మ్రొక్కు. పసుపు ఛాయను మెచ్చి, ఆ పసుపు దేనికొరకో దానిని త్రోసివేయుట యెట్లు? మరునాడు అలిపిరి మెట్లెక్కి పోయి, దానిని హుండీలో వేసితిని. నా పెట్టెలో ఆ గడి నేటికిని ఖాళీగానే యున్నది. అందులో “1862, అవ్వది” యని వ్రాసిన చీటి మాత్రము గలదు. అది వెలితియని నాకెన్నడును తోచలేదు.

విద్యార్థులారా! ఈ పనికి ధనము కన్న ఓర్పు ముఖ్యము. మీ యిండ్ల పెట్టెలలో, పోపుడబ్బాలలో వెదకుడు; పెద్దల నడిగి వారి యనుమతితో తీసికొనుడు. భూమిలో పాతర దొరకినచో కలెక్టరుగారికి తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది, అట్టిదానిని దాచుకొనరాదు. నాణెమును అంచులనే పట్టుకొనుడు, చేతి చెమట దానికి పడదు. మెత్తని ప్లాస్టికు సంచులలో ఉంచకుడు. పచ్చని జిగురు పట్టును. దొరకిన చోటును, తేదీని, ఇచ్చినవారి పేరును చీటిపై వ్రాయుడు. ఇచ్చిన పెద్దలు దానినిగూర్చి చెప్పిన మాటను గూడ వ్రాసికొనుడు. నాణెము అంగడిలో మరల దొరకవచ్చును గాని, ఆ మాట దొరకదు.