రెండో బహుమతి

నాకు పదకొండేళ్లప్పుడు వీణ పోటీలో రెండో బహుమతి వచ్చింది. వాళ్లిచ్చిన వెండి గిన్నెను బియ్యం డబ్బా వెనక్కు గిరవాటేసి, వీణకు గవిసెన తొడిగేశాను. అమ్మ బతిమాలింది. మేష్టారు రెండుసార్లు కబురు పెట్టారు. నేను వింటేనా! అలా ఏడేళ్లు గడిచిపోయాయి.

పిల్లలూ, ఆ గవిసెనను మళ్లీ నా చేత విప్పించింది కాలేజీ గ్రంథాలయంలో చదివిన ఒక పియానో విద్వాంసుడి కథ.

అతని పేరు విల్‌హెల్మ్ బాక్‌హౌస్. 1884లో జర్మనీలోని లైప్జిగ్ నగరంలో పుట్టాడు. అక్కడి సంగీత కళాశాలలోనే చదివాడు. 1895లో బ్రామ్స్ అనే గొప్ప స్వరకర్త ఆ ఊరు వచ్చి, తన రచనలకు వాద్యబృందాన్ని స్వయంగా నడిపించాడు. పియానో వాయించినవాడు డాల్బెర్ట్. పదేళ్ల బాక్‌హౌస్ ఆ కచేరీ విన్నాడు. కొన్నేళ్ల తరవాత ఫ్రాంక్‌ఫర్టు వెళ్లి ఆ డాల్బెర్ట్ దగ్గరే శిష్యుడుగా చేరాడు. పదహారో ఏట కచేరీలు చేస్తూ ఊళ్లు తిరగసాగాడు.

మన సరళీ వరసల వంటివి వాళ్లకూ ఉన్నాయి. స్వరాలను వరసగా ఎక్కుతూ, దిగుతూ వాయించాలి. నేనయితే వర్ణాలు రాగానే, మేష్టారికి తెలియకుండా, సరళీ వరసలు మానేశాను. బాక్‌హౌస్ మాత్రం లోకమంతా పేరు వచ్చాక కూడా వాటిని సాధన చేస్తూనే ఉండేవాడు.

రష్యా దేశపు విద్వాంసుడు రూబిన్‌స్టైన్ పేరిట అయిదేళ్లకొకసారి పోటీ జరిగేది. పియానో వాయించేవారికొక బహుమతి, సంగీతం రచించేవారికొక బహుమతి. 1905లో ఆ పోటీ పారిస్‌లో జరిగింది. పియానోలో 21 ఏళ్ల బాక్‌హౌస్‌కు మొదటి స్థానం వచ్చింది. రెండో స్థానం ఎవరిదో తెలుసా? హంగరీ నుంచి వచ్చిన 24 ఏళ్ల బేలా బార్టోక్‌ది! అతను తన రచనలు కూడా పోటీకి పెట్టాడు. రచనలో బహుమతికి అర్హులెవరూ లేరని న్యాయనిర్ణేతలు తేల్చేశారు. బార్టోక్‌కు కోపం రాదూ?

అయినా అతను పియానో మూసేయలేదు. మరుసటి ఏడే పల్లెటూళ్లు తిరిగి, రైతులు పాడే పాటలను ఫోనోగ్రాఫులో పట్టటం సాగించాడు. ఆ పాటలు అతని సంగీతాన్నే మార్చివేశాయి. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప స్వరకర్తల్లో ఒకడయ్యాడు.

గెలిచినవాడూ ఊరుకోలేదు. 1909లో గ్రీగ్ అనే స్వరకర్త రచనను బాక్‌హౌస్ గ్రామఫోను ప్లేటు మీద వాయించాడు. అప్పటికింకా ప్లేట్ల తయారీలో మైకు వాడేవారు కాదు. పెద్ద కొమ్ము ముందు వాయిస్తే, ఆ ధ్వనికి సూది కదిలి మైనం మీద గాడి గీసేది. ప్లేటు పక్కకు నాలుగైదు నిమిషాలే పడతాయి గనక, అరగంట రచనను బాగా కత్తిరించారు. ఆ ప్లేటులోని సంగీతం నేను విన్నాను. వాద్యబృందం దూరాన ఎక్కడో వానలో ఉన్నట్టు వినిపిస్తుంది, పియానో మాత్రం గలగలమంటుంది.

1969 జూన్ 28న, ఆస్ట్రియాలో, 85 ఏళ్ల బాక్‌హౌస్ బీతోవెన్ సొనాటా వాయిస్తూండగా ఒంట్లో బాగుండలేదు. చివరి భాగం వాయించలేకపోయాడు. అయినా షూమన్ రచించిన చిన్న సంగతులు రెండు వాయించాడు. వారం రోజులకు పోయాడు.

నేను గవిసెన విప్పేసరికి రెండు తీగలు తెగి ఉన్నాయి. మేష్టారు ఏమీ అనలేదు. కొత్త తీగలు బిగించి, ‘‘ఊఁ, సరళీ వరసలు కానీ,’’ అన్నారు.